గ్రంథాలయంలో ఒక పనిబల్ల వేయించండి

వైఎస్సార్ కడప జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షులకు, కార్యదర్శి గారికి,

మేము ఏటా కట్టే ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం దాన్ని మీ చేతికిచ్చింది. ఆ 8 పైసలు కట్టే పౌరుడిగా, హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొద్దుటూరు వాడిగా మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గ్రంథాలయాల్లో ఒక్కో పనిబల్ల వేయించండి. దాని పక్కనే ఒక బీరువా పెట్టించండి. అందులో మనవాళ్ళు తమ చేతులతో చేసిన పనుల పద్ధతులు ఉండాలి. ఏ సామాను కావాలి, ఎంత కావాలి, ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ చెడుతుంది, చెడితే ఏం చెయ్యాలి అన్నది తెలుగులో, బొమ్మలతో రాసి ఉండాలి.

ఇప్పుడు మన గ్రంథాలయాలకు పొద్దున పేపర్ల కోసం పెద్దవాళ్ళు వస్తారు. పగలంతా గ్రూప్స్‌కో డీఎస్సీకో కానిస్టేబుల్ పరీక్షకో చదివే పిల్లలు కూర్చుంటారు. వాళ్ళ కుర్చీ ఒక్కటి కూడా తగ్గకూడదు. కానీ చేతిపని చేసేవాళ్ళు ఆ గుమ్మం తొక్కరు. మోటారు మెకానిక్కు, మగ్గం నేసేవాడు, టైలరమ్మ, డ్రిప్పు పైపులతో కుస్తీపట్టే చీనీ (బత్తాయి) రైతు అక్కడికి రారు. వాళ్ళకు చదువు మీద ఇష్టం లేక కాదు. వాళ్ళ పనికి పనికొచ్చేది అక్కడ ఏదీ ఉండదు.

నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు పులివెందుల దగ్గర వాళ్ళ చీనీ తోటలో బోరు మోటారుకు ఒక పెట్టె బిగించాడు. తోటకు పోకుండానే ఇంట్లో నుంచి మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆన్ అవుతుంది. ఇట్లాంటివి బజార్లో దొరుకుతాయి, మన రైతులు చాలామంది వాడుతున్నారు. వీడు మాత్రం కొనలేదు, సొంతంగా చేసుకున్నాడు. "ఎట్ల చేస్తివి రా?" అంటే, "నెట్లో ఎవురో చేసి పెట్టినారు సార్, చూసి చేసినా" అన్నాడు. ఆ పేజీ చూపించమన్నాను. అప్పటినుంచి ఇట్లాంటి పేజీలు వెతుక్కుని చదవడం నాకు అలవాటైంది.

ఆ పేజీ ఎట్లా ఉందో మీకు చెప్పాలి, ఎందుకంటే నా మనవి అంతా దాని మీదే ఆధారపడింది. మొదట సామాను జాబితా. తర్వాత పనిముట్ల జాబితా. ఆ తర్వాత ఒకటో మెట్టు, ఫోటో, ఏ తీగ ఏ కాలికి టంకం పెట్టాలో రంగు పేరుతో సహా. రెండో మెట్టు, మళ్ళీ ఫోటో. చివర మొత్తం సర్క్యూటు బొమ్మ. ఇంతవరకు మంచి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. అసలు సంగతి దాని కింద ఉంది. ఒకడు, నేను ఇది చేశాను, నాకు రిలే కొట్టుకుంటోంది అని రాశాడు. ఇంకొకడు, నాకూ అదే అయింది, ఫలానా చోట ఒక డయోడు వెయ్యి అన్నాడు. రాసినాయన వచ్చి, నిజమే, నేను మరిచిపోయాను, నాలుగో మెట్టులో చేర్చాను అని దిద్దాడు. ఎక్కడెక్కడి మనుషులో, ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఒకడి తప్పును పదిమంది సరిచేస్తే పదకొండోవాడికి సరైన పద్ధతి చేతికందింది. దానికి ఎవరూ పైసా అడగలేదు.

ఇట్లాంటి సమూహాలు ఇరవై ఏళ్ళుగా పెరుగుతున్నాయి. 2003లో కాలిఫోర్నియాలో ఇద్దరు కాలేజీ విద్యార్థులు తమ పాడైన కంప్యూటరు బాగుచేసుకోబోతే కంపెనీ రిపేరు పుస్తకం దొరకలేదు. విప్పి, బిగించి, తామే రాయడం మొదలుపెట్టారు. అదే ఐఫిక్సిట్. ఈరోజు ఎన్నో ఫోన్లకు, యంత్రాలకు విప్పే పద్ధతి అక్కడ ఉచితంగా ఉంది. 2005లో ఎమ్.ఐ.టి.లో చదువుకున్న ఎరిక్ విల్హెల్మ్, ఆయన మిత్రులు ఇన్‌స్ట్రక్టబుల్స్ ప్రారంభించారు. కుర్చీ దగ్గర్నుంచి రోబో దాకా మెట్టుమెట్టుగా రాసిపెట్టే చోటు అది. అదే ఏడు ఇటలీలోని ఇవ్రియా అనే చిన్న ఊళ్ళో కొందరు ఉపాధ్యాయులు విద్యార్థుల కోసం ఆర్డుయినో అనే చవక సర్క్యూటు బోర్డు చేశారు. దాని నమూనాను దాచుకోకుండా ప్రపంచానికి వదిలేశారు. పులివెందుల తోటలో పిల్లవాడి పెట్టెలో ఉన్నది ఆ బోర్డుకు నకలే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. దక్షిణాఫ్రికాలో రిచర్డ్ వాన్ యాస్ అనే వడ్రంగికి 2011లో రంపం కింద వేళ్ళు తెగిపోయాయి. కొనే కృత్రిమ వేళ్ళ ధర ఆయనకు అందలేదు. అమెరికాలో ఇవాన్ ఓవెన్ అనే ఆయన వేషధారణ కోసం చేసిన పెద్ద యాంత్రిక హస్తం వీడియో ఇంటర్నెట్టులో చూసి, ఈ వడ్రంగి ఆయనకు ఈమెయిల్ రాశాడు. ఇద్దరూ భూగోళానికి చెరో దిక్కున ఉండి, ఎక్కువగా ఇంటర్నెట్టు మీదే మాట్లాడుకుని వేళ్ళు తయారుచేశారు. తర్వాత పుట్టుకతోనే ఒక చేతికి వేళ్ళు లేని అయిదేళ్ళ పిల్లవాడికి చెయ్యి చేసి పెట్టారు. 2013 జనవరిలో ఆ నమూనాను, చేసే పద్ధతిని పేటెంటు తీసుకోకుండా అందరికీ పెట్టేశారు. దాన్ని చూసి ఎక్కడెక్కడి మాస్టర్లు, విద్యార్థులు, త్రీడీ ప్రింటరు ఉన్న మామూలు జనం తమ ఊళ్ళోని పిల్లలకు చేతులు చేసివ్వడం మొదలుపెట్టారు. చేసేవాళ్ళను, కావాల్సినవాళ్ళను కలిపే సమూహానికి ఈ-నేబుల్ అని పేరు. ఒక వడ్రంగి తన గాయం నుంచి నేర్చుకున్నది రాసి పెట్టబట్టే ఇదంతా జరిగింది.

మళ్ళీ పులివెందుల తోటకు వస్తాను. ఆ పేజీ రాసినాయనకు మన కరెంటు తెలియదు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మూలిగి మూలిగి కాలిపోతుందని ఆయన రాయలేదు, ఆయన దేశంలో ఆ బాధ తక్కువేమో. బోరులో నీళ్ళు అడుగంటిపోతే మోటారు ఉత్తగా తిరిగి చెడిపోతుందనీ రాయలేదు. మన దగ్గర ఎండాకాలం వస్తే రైతుకు అదే భయం. మా పిల్లవాడికి మొదటి మోటారు కాలాక ఇది తెలిసింది. ఆ తర్వాత వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. నీళ్ళు తోడుతున్నప్పటికంటే ఉత్తగా తిరుగుతున్నప్పుడు మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. ఒక తీగ చుట్టూ చిన్న కాయిల్ పెట్టి ఆ తగ్గుదలను పసిగట్టి, కొన్ని సెకన్లు అట్లే ఉంటే మోటారును ఆపేసేలా చేశాడు. ఫేజు పోతే ఆగడానికి విడిగా ప్రివెంటరు కలిపాడు. మన నేలకు, మన బోర్లకు, మన లైన్లకు అవసరమైన దిద్దుబాటు ఇదే. "మరి ఇది ఆ పేజీ కింద రాసినావా?" అని అడిగాను. "ఇంగ్లీషులో రాయల్ల గదా సార్" అన్నాడు. అంతే. అంత మంచి విద్య ఒక రేకు పెట్టెలో, ఒక తోటలో ఉండిపోయింది. పక్క తోట రైతు మళ్ళీ మొదటి నుంచి మోటారు కాల్చుకుని నేర్చుకోవాలి.

నా బాధంతా ఇదే. మన పిల్లలు లోకం పెట్టినది తీసుకోవడం నేర్చారు, మంచిదే. మనం నేర్చినది తిరిగి పెట్టే చోటు మాత్రం మనకు లేదు.

పెట్టడానికి మన దగ్గర ఏముంది అని ఎవరైనా అనవచ్చు. వాళ్ళు ఒకసారి ప్రొద్దుటూరులో మోటారు వైండింగు షాపుకు పోయి నిలబడాలి. కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారు వస్తుంది. పనివాడు నల్లబడిన తీగను ఊరికే పీకి పారెయ్యడు. ముందు ఎన్ని స్లాట్లు, ఒక్కో కాయిలుకు ఎన్ని చుట్లు, తీగ ఎంత మందం, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు దాటింది, చివరలు ఎట్లా కలిపారు అని లెక్కపెడతాడు. లెక్కపెట్టి, గోడకు మేకుకు వేలాడే ఒక పొడుగు నోటుబుక్కు తీసి రాసుకుంటాడు. హార్స్‌పవరు, కంపెనీ పేరు, 24 స్లాట్లు, చుట్లు, తీగ మందం. పక్కన ఒక చిన్న చక్రం గీసి కనెక్షన్ల బాణాలు. పేజీల అంచులు వార్నిషు, గ్రీజు అంటి బిరుసెక్కి ఉంటాయి. ఈసారి అదే మోటారు వస్తే కాలిపోయిన తీగను లెక్కపెట్టే పనుండదు. ఏళ్ళ తరబడి ఆ షాపుకొచ్చిన ప్రతి మోటారు లోపలి సంగతి అందులో ఉంటుంది. కంపెనీలు చెప్పనిది, ఏ కాలేజీ పుస్తకంలోనూ దొరకనిది. ఆ మనిషి పోయాక కొడుకు సెల్‌ఫోన్ షాపు పెట్టుకుంటే ఆ నోటుబుక్కు పాతపేపర్ల వాడి తక్కెడలోకి పోతుంది.

అట్లాగే జమ్మలమడుగు పక్క మోరగుడి, దొమ్మరనంద్యాల మగ్గాల ఇళ్ళకు పొండి. జకార్డు బరువు కాలితో తొక్కి తొక్కి మోకాళ్ళు పోయినవాళ్ళు చిన్న మోటారు బిగించుకుని జకార్డు ఎత్తిస్తున్నారు. ఎవరి గుంట లోతు వారిది, ఎవరి పైకప్పు ఎత్తు వారిది, అందుకని ప్రతి ఇంట్లో బిగింపు వేరు. ఒక ఇంట్లో శబ్దం తగ్గించడానికి ఏం చేశారో పక్క వీధికి తెలియదు. నిజానికి జకార్డు నేతగాడికి ఈ విషయం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అట్టల మీద రంధ్రాలు కొట్టి పెడితే ఆ డిజైను గీసినవాడు లేకపోయినా ఇంకో మగ్గం మీద అదే పువ్వు దిగుతుంది. పద్ధతిని రాసి పెట్టడమంటే అట్ట కొట్టి పెట్టడమే.

నేత మాట వచ్చింది కాబట్టి చింతకింది మల్లేశం గారి సంగతి గుర్తుచేస్తాను. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. ఆరో తరగతితో చదువు ఆగింది. చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల మధ్య వరసగా చుట్టడానికి, వాళ్ళమ్మ రోజూ వేల సార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో పడే అవస్థ చూడలేక 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టారు. 1999లో గానీ పూర్తి కాలేదు. మిగతా భాగాలన్నీ కుదిరినా ఒక్క కదలిక దగ్గర ఏళ్ళు ఆగిపోయారు. హైదరాబాదు బాలానగర్‌లో కరెంటు పనికి పోయినప్పుడు ఒక వర్క్‌షాపులో ఇంకేదో యంత్రం అట్లాంటి కదలికతోనే తిరగడం కళ్ళబడింది, దాంతో చిక్కు విడిపోయింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పట్టుదలకు ఎవరైనా చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ ఒక్క కదలిక, యంత్రాలు చేసేవాళ్ళకు రోజూ పరిచయమైనదే, బొమ్మతో తెలుగులో ఆలేరు గ్రంథాలయంలో ఉండి ఉంటే ఆ తల్లి భుజానికి ఎన్ని ఏళ్ళ నొప్పి తప్పేది?

మల్లేశం గారిని లోకానికి చూపించినది పల్లెసృజన. బ్రిగేడియర్ పోగుల గణేశం గారు పదవీ విరమణ చేసి, 2005లో హైదరాబాదులో దాన్ని పెట్టారు. చిన్న శోధయాత్రలని పల్లెల్లో కాలినడకన తిరిగి, సొంతంగా పనిముట్లు చేసుకునేవాళ్ళను వెతుకుతారు. దానికి మూలం అహ్మదాబాదు ప్రొఫెసర్ అనిల్ గుప్తా గారి హనీబీ నెట్‌వర్క్. ఆ నెట్‌వర్క్ పెట్టుకున్న నియమాలు మన బీరువాకు అట్లే సరిపోతాయి. విద్య ఎవరిదో వాళ్ళ పేరు చెప్పాలి. వాళ్ళ దగ్గర నేర్చుకున్నది వాళ్ళ భాషలోనే తిరిగి వాళ్ళకు అందించాలి. దాని మీద లాభం వస్తే వాళ్ళకూ వాటా ఉండాలి.

ఈ నియమాలు ఎందుకు ముఖ్యమో వైండింగు షాపులోనే తెలిసింది. నోటుబుక్కు సంగతి ఎత్తగానే అక్కడి పనివాడు, "ఇదంతా రాసి బయట పెడితే మా కాడికి ఎవురొస్తారు సార్?" అన్నాడు. తేలిగ్గా తీసిపారేసే మాట కాదిది. పేదవాడికి విద్యే ఆస్తి, తాళం వేసుకోవడం తప్పు కాదు. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. ఆ బంగారు బజారులో ఊదుగొట్టం, వెలిగారంతో బతికే ఏ పనివాడిని అడిగినా ఇదే అంటాడు. కానీ అదే షాపులో పెద్ద మేస్త్రి అందుకున్నాడు: "నోట్సు జూసి మోటారు జుట్టేస్తారా? చెయ్యి తిరగల్ల. మా మామ నాకు లెక్క జెప్పల్యా, ఆరేండ్లు వేస్టు." ఇద్దరి మాటా నిజమే. అందుకని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఏది రాయాలి, ఏది దాచుకోవాలి అన్నది పనివాడి ఇష్టం. రాసిన కాగితం మీద ఆయన పేరు, షాపు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. కొత్తగా కనిపెట్టినదేదైనా ఉంటే ముందు పేటెంటు సంగతి చూసి, ఆ తర్వాతే బయట పెట్టాలి. అందుకు సాయం చెయ్యడానికి 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది.

పద్ధతి కొలతలతో సహా బయటికొస్తే ఎంత దూరం పోతుందో మన రైతులకు అనుభవమే. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి; నీడలో రెండు రోజులు, పూటపూటా కలియబెట్టాలి. సుభాష్ పాలేకర్ గారు చెప్పిన జీవామృతం లెక్క ఇది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ దీన్ని ఊరూరా తిప్పింది. రైతుల చేతనే చెప్పించి వీడియోలు తీసి, డిజిటల్ గ్రీన్ సంస్థ సాయంతో చిన్న ప్రొజెక్టర్ల మీద వేసి చూపించారు. దిగుబడుల మీద ఎవరి వాదన వారిది, ఆ గొడవలోకి నేను పోవడం లేదు. నేను చెప్పేది ఒక్కటే. బడి మొహం చూడని మనిషి కూడా ఆ కొలతలు గుక్కతిప్పుకోకుండా చెప్పగలుగుతున్నాడు. పద్ధతి స్పష్టంగా ఉండి, సొంత భాషలో ఉండి, తనలాంటివాడే చెబితే చాలు.

మరి యూట్యూబు ఉంది కదా, ఈ కాగితాలెందుకు అని మీ సిబ్బందే అడగవచ్చు. యూట్యూబు చేసిన మేలు చిన్నది కాదు. మన మూడు ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు మగ్గం వర్కు, కటోరి బ్లౌజు ఇంట్లోనే ఫోన్ చూసి నేర్చుకుని సంపాదిస్తున్నారో అందరం చూస్తున్నాం. కానీ వాళ్ళు ఏం చేస్తున్నారో దగ్గరగా గమనించండి. వీడియో ఆపుతారు, వెనక్కి జరుపుతారు, కొలత వింటారు, న్యూస్‌పేపరు మీద పెన్సిలుతో గీస్తారు. మళ్ళీ ఆపుతారు. చివరికి చంక దగ్గర ఎంత, మెడ లోతు ఎంత అని అంకెలు రాసిన ఆ పేపరు కత్తిరించి, మడిచి, దిండు కింద దాచుకుంటారు. పని నడిచేది ఆ పేపరు మీదే. స్టార్టరు వైరింగు వీడియోలదీ అదే కథ. ఏ తీగ ఏ టెర్మినలుకు పోయిందో చూడబోతే చెప్పేవాడి చెయ్యి అడ్డం ఉంటుంది. వీడియో ఆశ పుట్టిస్తుంది, చెయ్యగలనన్న ధైర్యమిస్తుంది. ఆ తర్వాత మనిషికి కాగితం కావాలి. పులివెందులలో ఒక టైలరమ్మ అట్లా మడిచి పెట్టుకున్న పేపర్లు ఒక సంచీ నిండా ఉన్నాయి. ఏ పేపరు మీదా ఎవరిదన్న గుర్తు లేదు, ఆమెకు మాత్రం ప్రతి ఒక్కటీ ఎవరి కొలతో తెలుసు. ఆమె దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలకు ఆ సంచీకి మించిన పుస్తకం ఏముంటుంది?

గ్రంథాలయానికి ఇదంతా కొత్త అనుకోకండి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పల్లెలకు తీసుకుపోయారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే పోవాలని ఆ తరం అనుకుంది. ఇంకా వెనక్కి పోతే మన కడపే ఉంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొర ఊరూరా ఇళ్ళల్లో చెదలు పడుతున్న తాటాకులు తెప్పించి, తన జీతం డబ్బులతో పండితులను, లేఖకులను తన బంగళాలో పెట్టుకుని రాయించాడు. ఒకే పద్యం నాలుగు ప్రతుల్లో నాలుగు రకాలుగా ఉంటే పోల్చి దిద్దించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. ఆ బంగళా స్థలంలోనే ఇప్పుడు బ్రౌను పేరుతో భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. వేరు వేరు ఇళ్ళల్లో మూలన పడి ఉన్నదాన్ని ఒకచోట చేర్చి, పోల్చి, దిద్ది, పదిమందికి ఇవ్వడం ఈ జిల్లా ఒకసారి చేసి చూపించిన పనే. అప్పుడు పద్యాలకు చేశాం, ఇప్పుడు పనులకు చెయ్యాలి.

ఖర్చు పెద్దది కాదు. ఒక గట్టి చెక్కబల్ల, మంచి వెలుతురు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగు ఐరను, నెట్టున్న కంప్యూటరు, ప్రింటరు. వారానికి ఒక్క సాయంత్రం చాలు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్త్మా అనే ఆమె ఇట్లాగే బల్లలు వేసి, ఊళ్ళో పని తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి, పాడైన వస్తువులు తెచ్చినవాళ్ళ చేతనే బాగుచేయించడం మొదలుపెట్టింది. రిపేర్ కెఫే అని పేరు. ఇప్పుడది చాలా దేశాల్లో నడుస్తోంది. మనం దానికి ఇంకొకటి కలుపుదాం. బాగయిన ప్రతి వస్తువుకూ ఒక కాగితం రాసి బీరువాలో పెట్టాలి.

కేంద్రం 2016 నుంచి బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు పెడుతోంది, ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇచ్చింది. అవి ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం. చదువు మానేసి షెడ్డులో చేరిన పిల్లవాడికి, నలభై ఏళ్ళ మగ్గం మనిషికి, పెళ్ళయి ఇంట్లో ఉన్న ఆడబిడ్డకు ప్రవేశమున్నది మీ గ్రంథాలయం ఒక్కటే.

రాసేదెవరు అన్న దిగులు కూడా వద్దు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కాలేజీ ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఆఖరి సంవత్సరం పిల్లల్లో కొందరు ప్రాజెక్టులు హైదరాబాదు నుంచి డబ్బులిచ్చి తెచ్చుకుని, మార్కులు పడగానే అటకెక్కిస్తున్నారు. ఎంత వృథా! ఒక విద్యార్థి ఒక మేస్త్రి పక్కన కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, ఫోటోలు తీసి, తానే మళ్ళీ చేసి చూసి పెడితే అంతకు మించిన ప్రాజెక్టు ఏముంది? ఆ పిల్లలే ఇంగ్లీషు పేజీల నుంచి మనకు కావాల్సినవి తెలుగు చేస్తారు, మనవి ఇంగ్లీషు చేసి అక్కడా పెడతారు. పిల్లల బొమ్మల దగ్గర ఆ పని ఎప్పుడో మొదలైంది. అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలతో, సైకిలు ట్యూబు ముక్కలతో, పారేసిన చెత్తతో సైన్సు బొమ్మలు చేసే పుస్తకాలు తెలుగులో కూడా నెట్టులో ఉచితంగా పెట్టారు. వాటిని ప్రింటు తీసి మొదటి రోజే ఆ బీరువాలో పెట్టవచ్చు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. మొదటిది, చేసి చూడనిది బీరువాలోకి రాకూడదు. నెట్టులో తప్పుడు పద్ధతులు కూడా కావలసినన్ని ఉన్నాయి. ఇద్దరు వేరువేరుగా చేసి, సంతకాలు పెట్టాకే కాగితం లోపలికి పోవాలి. రెండోది కరెంటు. 230 వోల్టులు, మూడు ఫేజుల లైను, గ్యాసు, పురుగుమందుల లాంటివాటి మీద రాసిన ప్రతి కాగితాన్నీ ఐటీఐ మాస్టరో లైసెన్సున్న ఎలక్ట్రీషియనో చదివి ఒప్పుకోవాలి. ఫ్యూజులు తీసి, టెస్టరుతో చూసి, ఆ తర్వాతే తీగ ముట్టుకోవాలన్నది మొదటి మెట్టుగా ఎర్ర అక్షరాల్లో ఉండాలి. మన పొలాల్లో స్టార్టరు పెట్టెల దగ్గర పోయిన ప్రాణాలు చాలు.

కాగితం కింద సగం పేజీ ఖాళీగా వదలమని కూడా అడుగుతున్నాను. చేసి చూసినవాళ్ళు తమ అనుభవం అక్కడ రాస్తారు. మా బోరులో ఇట్లా కాలేదు, మా మగ్గానికి ఇంత పొడుగు సరిపోలేదు, ఫలానా తీగ ప్రొద్దుటూరులో దొరకదు, దాని బదులు ఇది వాడొచ్చు అని. ఏడాదికొకసారి అవన్నీ చూసి పైన రాసింది దిద్దాలి. ఆ దిద్దుబాటు ఆగితే బీరువా ఇంకో పాత పుస్తకాల బీరువా అవుతుంది.

మీ తర్వాతి సర్వసభ్య సమావేశంలో దీన్ని ఒక అంశంగా పెట్టండి. మూడు ఊళ్ళూ ఒకేసారి వద్దనుకుంటే ప్రొద్దుటూరు శాఖతో మొదలుపెట్టండి. బల్ల మేము చేయించి ఇస్తాం. మల్టీమీటరు, సోల్డరింగు ఐరను నావి ఇస్తాను. తోట పిల్లవాడు తన ఎండు బోరు ఉపాయం తెలుగులో రాసి తెస్తానన్నాడు. టైలరమ్మ సంచీలోని పేపర్లు ఫోటో తీసుకోవడానికి ఒప్పుకుంది. వైండింగు మేస్త్రి మాత్రం ఆలోచించుకుంటానన్నాడు. బల్ల వేశాక తనే వచ్చి చూసి చెబుతాడట. మీరు గది, సాయంత్రం వేళ, తాళం చెవి ఇప్పించండి. ఏ తేదీ అయినా సరే, ఒక వారం ముందు చెబితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
ప్రొద్దుటూరు